ఏడాదిన్నర బాబుకి విరేచనాలు: తల్లిపాలు ఆపక్కర్లేదు, అలాగని పాలొక్కటే చాలవు

గుంటూరు నుంచి అడిగారు కదా. బాబుకి ఏడాదిన్నర, నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు, మధ్యలో వాంతులు, అన్నం ముద్ద చూస్తే మూతి తిప్పేస్తున్నాడు, రొమ్ము మాత్రం వదలట్లేదు. మీ అత్తగారేమో "ఆ పాల వల్లే తగ్గట్లేదు, ఈ వంకతో మాన్పించెయ్" అంటున్నారు. నేను డాక్టర్ని కాదండి. మాది విజయవాడ సింగ్ నగర్. మా పాపకి దాదాపు ఇదే వయసులో ఇదే వచ్చింది, అందుకే రాస్తున్నాను.

పాలు ఆపకండి. మాన్పించాలనుంటే దానికి వేరే రోజులున్నాయి. కానీ పాలు తాగుతున్నాడు కదా అని ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి పట్టే ఉప్పు, చక్కెర పొడి) పక్కన పెట్టెయ్యకండి. మనలాంటి పాలిచ్చే తల్లులు తేలిగ్గా తీసుకునేది ఈ రెండోదే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మా వీధుల్లోకి వచ్చినప్పుడు మేం పై అంతస్తులో చిక్కుకుపోయాం. కరెంటు లేదు, కుళాయి నీళ్లు నోట్లో పోసుకునేలా లేవు, పడవల్లో అందించిన నీళ్ల బాటిళ్లే దిక్కు. పాల ప్యాకెట్ కంటికి కనపడితే ఒట్టు. పాప అప్పటికి ఇడ్లీ, చారన్నం అన్నీ తింటోంది, నా పాలు రాత్రి పడుకునేముందు అలవాటుగా తాగేదంతే. ఆ నాలుగు నాళ్లూ దాని కడుపులోకి నమ్మకంగా వెళ్లిందేదైనా ఉంటే నా పాలే. తర్వాత వరద నీళ్లు తీసి, ఇంట్లో బురద కడుక్కుంటున్న రోజుల్లో పట్టుకున్నాయి విరేచనాలు.

మా అత్తయ్య గారూ అచ్చం మీ అత్తగారి మాటే అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. వాళ్ల రోజుల్లో మోషన్స్ అవుతుంటే గేదె పాలు ఆపేసేవాళ్లు, ఆ లెక్కనే తల్లిపాలకీ వేశారు. రెండూ ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా విరేచనాలప్పుడు రొమ్ముపాలు ఆపొద్దని, మామూలుకంటే ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఇవ్వమని. ఏడాది నిండి రెండేళ్లలోపు పిల్లలకి కావలసిన శక్తిలో మూడో వంతు దాకా తల్లిపాల నుంచి రాగలదని కూడా వాళ్లే చెబుతారు. మామూలు రోజుల్లోనే అంతైతే, అన్నం ముట్టని రోజుల్లో దాని విలువ మీరే ఊహించుకోండి. పైగా ఇంట్లో తిరిగే క్రిమి మన ఒంట్లోకీ వస్తుంది కదా, దాని మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలు పాలలోకీ దిగుతాయి.

"నువ్వు కారం తిన్నావు, అందుకే వాడికి విరేచనాలు" అనే మాట కూడా వచ్చే ఉంటుంది. మీరు తిన్న పచ్చడి వల్ల వాడికి నీళ్ల విరేచనాలు పట్టుకోవు. గుంటూరులో ఉండి కారం మానేస్తే ఇంక తినేదేముందండీ. పళ్లు వస్తున్నాయి కాబట్టే అనే మాట కూడా నమ్మి కూర్చోకండి. పళ్లొచ్చే వయసులో అందినదల్లా నోట్లో పెట్టుకుంటారు, క్రిములు పోయే దారి అది.

వాదించి గెలవడం నా వల్ల కాలేదు. పిల్లల డాక్టరు దగ్గరికి అత్తయ్య గారిని కూడా తీసుకెళ్లి, ఆ ప్రశ్న ఆవిడ చేతే అడిగించాను. "తల్లిపాలు ఆపకండమ్మా, ఇంకా ఇవ్వండి" అని ఆయన ఆవిడ మొహం చూసి చెప్పాక ఇంట్లో ఆ గొడవ సద్దుమణిగింది. మీరూ అదే చేయండి.

ఇప్పుడు అసలు పని. ఒంట్లోంచి పోయేది నీళ్లొకటే కాదు, ఉప్పు కూడా. వాడు ఎంత చప్పరించినా ఏడాదిన్నర పిల్లాడికి అంత లోటు పాలతో తీరుతుందని నమ్ముకోలేం. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ తెస్తే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు, చెంచాడు వేసి అందాజుగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికే ముప్పు. 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, ఈ వయసుకి అవే సుఖం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు పిల్లలకి ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి.

మా పాప చెంచా చూస్తేనే ఉమ్మేసేది. సూదిలేని సిరంజితో బుగ్గ పక్కన కొంచెం కొంచెం వదిలాను. రొమ్ము ఇచ్చే ముందు కొంత, ఇచ్చాక కొంత. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున. పాలు కూడా అంతే, ఒకేసారి పొట్టనిండా కాకుండా కాసేపు ఇచ్చి తీసెయ్యడం, మళ్లీ ఇవ్వడం. ఏడుస్తాడు, ఏడవనివ్వండి.

మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అనగానే పళ్ల రసంలాంటి తియ్యటి డబ్బా చేతిలో పెడితే తీసుకోకండి. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెంచుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశాలిచ్చింది. అయినా ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉందో లేదో చదివే కొనండి.

దాంతోపాటు జింక్ బిళ్లలు. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు ఆగిపోయినా పూర్తిగా వేయాలి. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్, జింక్ ఉచితంగానే ఇస్తారు, అడగండి. బిళ్లని చెంచాలో కొంచెం నా పాలు పిండి కరిగించి పోస్తే మా పాప గొడవ చేయకుండా మింగింది. మోషన్స్ ఆపే బిళ్లలు, ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ సిరప్పులు మాత్రం వద్దు.

అన్నం సంగతి అంత కంగారు పడకండి. పత్యం పేరుతో పస్తు పెట్టొద్దు, అంతవరకే. మజ్జిగన్నం, మెత్తగా చిదిమిన ఇడ్లీ, అరటిపండు, ఏది రెండు ముద్దలు తింటే అది. తగ్గాక ఆకలి విరగబడుతుంది, అప్పుడు రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టండి.

ఇక మీ ఒళ్లు. పగలూ రాత్రీ పురిటి బిడ్డలా వేలాడతాడు. రొమ్ము ఖాళీ అయిపోయింది, ఏమీ రావట్లేదు అనిపిస్తుంది. తగ్గిపోయిన పాలు కూడా ఎక్కువసార్లు చప్పరిస్తే రెండు మూడు రోజుల్లో మళ్లీ పెరుగుతాయి, నాకు పెరిగాయి. ముక్కు దిబ్బడ కూడా ఉంటే ఊపిరాడక కొరుకుతాడు. పాలిచ్చే ముందు సెలైన్ చుక్కలు వేసి, నిటారుగా కూర్చోబెట్టుకుని ఇవ్వండి. గుడ్డలు మార్చాక ప్రతిసారీ సబ్బుతో చేతులు. మీ పక్కన నీళ్ల చెంబు, తినడానికి ఏదో ఒకటి ఉండాలి. అది చూసుకునే పని మీ ఆయనకి అప్పగించండి, ఓఆర్‌ఎస్ కలిపే పనితో సహా.

పాప తేరుకోగానే నేను జ్వరంతో పడ్డాను. "జ్వరప్పాలు ఇవ్వకూడదు" అనేది ఇంకో నమ్మకం. మామూలు వైరల్ జ్వరానికి, మోషన్స్‌కి, టైఫాయిడ్‌కి కూడా పాలు ఆపక్కర్లేదు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. డాక్టరుకి "పాలిస్తున్నాను" అని మీరే ముందు చెప్పండి, పిల్లాడికి ఏడాది దాటింది కదా అని వాళ్లకి తట్టకపోవచ్చు. చెబితే దానికి సరిపడే మందే రాస్తారు. వానాకాలం జ్వరమైతే డెంగ్యూ కాదని తేలేదాకా ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోకండి.

ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టాల్సి వచ్చినా, డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప పాలు ఆగక్కర్లేదు. సూది ఉన్న చెయ్యి బయటివైపు ఉండేలా పడుకోబెట్టుకుంటే చాలు.

బాగా తగ్గి, మళ్లీ అన్నం పట్టాక, మీకే మాన్పించాలనిపిస్తే పగటి పాలు ముందు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ రండి. వేపాకు ముద్ద రాసి ఒక్క రోజులో తెంచెయ్యడం నాకు నచ్చదు, ఇద్దరికీ బాధే. రెండేళ్ల దాకా, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు, అది మీ ఇష్టం.

మీరు రాసినదాంట్లో నాకు భయమేసింది ఒక్కటే, "పొద్దున్నుంచి ఉచ్చ పోశాడో లేదో తెలియట్లేదు" అన్నారు. నీళ్ల విరేచనాలప్పుడు డైపర్‌లో అది తెలియదు. ఇప్పుడే డైపర్ తీసేసి పాత నూలు గుడ్డ వేసి చూడండి. ఆరు గంటలైనా పొయ్యకపోయినా, కళ్లు గుంటలు పడ్డా, ఏడిస్తే నీళ్లు రాకపోయినా, మత్తుగా వాలిపోతున్నా, విరేచనంలో రక్తం కనపడినా, రొమ్ము కూడా వద్దంటున్నా, తాగినదల్లా కక్కేస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా సరే బయల్దేరండి. దారిలో కూడా ఓఆర్‌ఎస్, పాలు పడుతూనే ఉండండి.