వరద బాధితుల కోసమిచ్చిన విరాళం వేరే చోట ఖర్చు చేస్తే?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, విజయవాడ సింగ్‌నగర్ బాధితులకు భోజనాలు, దుప్పట్లు ఇస్తామని వాట్సాప్‌లో పోస్టరు పెట్టిన ఒక ట్రస్టుకు రూ. 25,000 యూపీఐలో పంపాను. అందులో కొంత మరో జిల్లాలో, కొంత జీతాలకు వాడారని తెలిసింది. డబ్బు వాపసు వస్తుందా? కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ పోస్టరు మీ ఫోన్లో ఇంకా ఉందేమో వెతకండి. మీ వాదన బలమంతా అందులోని మాటల మీదే ఉంది. ‘సింగ్‌నగర్ బాధితులకు’ అని మాత్రమే ఉంటే ఆ సొమ్ము ఆ పనికే వాడాలని గట్టిగా అడగొచ్చు. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఇతర సహాయ కార్యక్రమాలకూ వినియోగిస్తాం’ అని ఉంటే, మరో జిల్లాలో ఖర్చుపెట్టడాన్ని తప్పుపట్టడం కష్టం.

ట్రస్టుకు 80జి గుర్తింపు (దాతలకు పన్ను రాయితీ వచ్చే ఆదాయపు పన్ను అనుమతి) ఉంటే, 2025 మే 31లోగా మీకు ఫారం 10బీఈ అనే విరాళం ధ్రువపత్రం ఇచ్చి ఉండాలి. అందులో విరాళం రకం అనే గడి చూడండి. ‘స్పెసిఫిక్ గ్రాంట్’ అని ఉంటే ప్రత్యేక అవసరానికే తీసుకున్నామని వాళ్లే రాసిచ్చినట్టు. ‘అదర్స్’ అని ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది, అంతమాత్రాన పోదు. చాలామంది ఈ కాగితాన్ని పన్ను రాయితీకే అనుకుని పక్కన పడేస్తారు.

జీతాల విషయంలో తొందరపడకండి. పడవల అద్దె, డీజిల్, వంటవాళ్ల కూలీ లేకుండా అన్నం పొట్లం నీళ్లలో ఉన్న ఇంటికి చేరదు. విదేశీ విరాళాల్లో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదని చట్టం ఉంది. మీలా దేశంలోనే ఇచ్చిన సొమ్ముకు ఆదాయపు పన్ను చట్టంలో అలాంటి పరిమితి లేదు.

ఇచ్చేసిన దానాన్ని, మోసం రుజువైతే తప్ప, వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. అందుకే వాపసు కన్నా లెక్క అడగండి. కొనుగోలు బిల్లులు, సంతకాలున్న పంపిణీ రిజిస్టరు, 2024–25 ఆడిట్ నివేదిక కోరుతూ స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, రసీదు దాచుకోండి. సొమ్ము ట్రస్టీల సొంత ఖాతాల్లోకి వెళ్లిందనో, బిల్లులు దొంగవనో ఆధారం దొరికితే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ (నమ్మకద్రోహ నేరం) కింద పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఒక జిల్లా వరదకిచ్చింది ఇంకో జిల్లా వరదకు వాడితే, అంతమాత్రాన అది నేరం కాదు.

సివిల్ దావాకు దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్, అంటే ప్రజల కోసం నడిచే ట్రస్టుల మీద వేసే దావాల సెక్షన్. దానికి కనీసం ఇద్దరు వాదులు, కోర్టు అనుమతి కావాలి. కేవలం దాతలే వేస్తే ‘మీకేం సంబంధం’ అన్న అభ్యంతరం వస్తుంది. ఆ సాయం అందాల్సిన సింగ్‌నగర్ వాసి ఒకరిని మీతోపాటు వాదిగా చేర్చుకోండి.