పన్నెండింటిలో ఒక్కటి పట్టుకో, నాయనా

నాయనకు ప్రభువు నామంలో పెద్దమ్మ దీవెనలు.

చర్చి కాపరిగా చేరిన ఆరు నెలలకే నువ్వు సంఘంలో సామాజిక న్యాయ కమిటీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం దిగులు. నువ్వు పంపిన కాగితం చదివాక దిగులే ఎక్కువైంది. మణిపూర్ బాధితులు, మద్యం, వలస కూలీలు, కౌలు రైతులు, పారిశుధ్య కార్మికులు... లెక్కపెడితే పన్నెండు పనులు. మీ సంఘంలో ఉన్నవి నూట పది కుటుంబాలు. సగం మంది ఏ రోజు కూలితో ఆ రోజు గడుపుకునేవాళ్లు. ఎవరు చేస్తారు ఇవన్నీ? ఫోన్ తెరిస్తే గుండె బరువెక్కే రోజులివి, నాకూ తెలుసు. పన్నెండింటి కోసమూ ప్రార్థన చెయ్యి. చెయ్యి మాత్రం ఒక్కదాని మీదే వెయ్యి.

1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు ఏం చేశారో మీ తాతగారు మాకు ఎన్నిసార్లు చెప్పారో! కరువు మొత్తాన్ని ఆయన నెత్తికెత్తుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. అన్నం కోసం వచ్చి కలిశారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. సాయానికీ సంఘంలో చేరడానికీ ముడిపెట్టకు.

డబ్బు లెక్క ఇద్దరి సంతకాలతో నడిపించు. వినతిపత్రం ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటి ఉంది. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

చుండూరులో దళితులను చంపిన ఘోరం జరిగిన మరుసటి ఏడాది, 1992లో, మా స్త్రీల సమాజానికి వచ్చే ఒక అక్కను పొలం గట్టు మీద కులం పేరుతో తిట్టి కొట్టారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టింది. నా రక్తం ఉడికిపోయింది. సంఘమంతా ఆమె వెనుక ఉందని అందరికీ తెలియాలనుకున్నాను. సంఘం ముద్ర ఉన్న కాగితం మీద, ఈమె ఫలానా సంవత్సరం బాప్తిస్మం పొందిన మా సభ్యురాలని నా చేతులతో రాసి వినతిపత్రానికి జతచేశాను. ఆమెను ఒక్క మాట అడగలేదు.

ఆ కాగితాన్నే అవతలి వకీలు కోర్టులో చదివాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి నీకు తెలుసు కదా. ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, మన క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో మనం బీసీ-సి. సంఘమే ఈమె క్రైస్తవురాలని రాసిచ్చింది, ఇక ఈ చట్టం ఎలా వర్తిస్తుందని అతను అడిగాడు. ఆ చట్టం పోయి మామూలు కొట్లాట కేసు మిగిలింది. గట్టు మీద ఆమెను కొట్టినవాడు బాప్తిస్మం చూసి కొట్టలేదు నాయనా, పేట చూసి కొట్టాడు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడికి ఆ చట్టం వర్తించదని మళ్లీ అన్నప్పుడు నాకు అన్నం సయించలేదు.

ఆ రోజు కోర్టు వరండాలో ఆమె నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. కేసు కాగితాలను నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపుకున్న గుడ్డ సంచిలో పెట్టుకుంటూ, "నన్ను అడిగి రాయాల్సింది అమ్మగారూ" అంది. అంతే. తర్వాత నాలుగేళ్లు ప్రతి వాయిదాకూ ఆమెతో వెళ్లాను. మొదటి వాయిదాకు రెండు లారీల జనం వచ్చారు. ఐదో వాయిదాకు మేమిద్దరమే. లూకా 18లోని విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు ఎన్నిసార్లు తిరిగిందో, ఆ వరండాలో కూర్చుంటే గానీ నాకు అర్థం కాలేదు.

విశ్వాసం దాచుకోమని నేను అనడం లేదు. ఎవరి బతుకు పణంగా పడుతుందో, చెప్పాలా వద్దా అన్న మాట వాళ్లదే.

ఇప్పుడు నీ కమిటీ సంగతి. ఒక డాక్టరు, ఇద్దరు టీచర్లు, ఒక రిటైర్డ్ అధికారి! కాగితంలో పారిశుధ్య కార్మికులని రాశావు, కమిటీలో ఒక్క కార్మికుడైనా లేడు. మీ మందిరంలో వెనుక వరుసలో కూర్చునే నాలుగు కుటుంబాలు ఆ పనివే కదా? ఆ ఒక్క పని పట్టుకో. ముసుగు, తాడు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లో దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అందులో చనిపోతే కుటుంబానికి ముప్పై లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు ముక్కలు ఆ నాలుగు ఇళ్లలో ఎంతమందికి తెలుసో కనుక్కో. పాకీ పని పోవాలని పోరాడిన బెజవాడ విల్సన్ కూడా కోలారు గనుల దగ్గర అలాంటి తెలుగు ఇంట్లోనే పుట్టాడు.

చీకటి పడ్డాక ఏ ఊరికీ ఒంటరిగా వెళ్లకు. విసుక్కోకు. 1985 జూలైలో దళితుల మీద దాడి జరిగిన కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరినవాళ్లకు అన్నం వడ్డించినదాన్ని. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. నీ బండి చప్పుడు ఇంటి ముందు వినిపించేదాకా మీ అమ్మ అన్నం తినదు.

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. పదకొండింటి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టాను, కొట్టెయ్యలేదు. ముందు ఆ నాలుగు ఇళ్లకూ వెళ్లు. మధ్యాహ్నం, వాళ్లు పని నుంచి వచ్చి స్నానం చేసి కూర్చునే వేళ. మొదటిసారి కాగితం, కలం తీసుకువెళ్లకు. టీ ఇస్తే వాళ్ల గ్లాసులోనే తాగు. అయిపోయేదాకా కూర్చో.

మీ పెద్దమ్మ