ముందు పాఠం, తర్వాతే యాప్

"కర్నూలు జిల్లాలో కొత్తగా చేరిన లెక్కల టీచర్‌ని. గ్రూపులో రోజుకో యాప్ లింకు పెడుతున్నారు. ఏది నేర్చుకోవాలో తెలీక టెన్షన్‌గా ఉంది" అని అడిగారు కదా మేడం. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. క్లాసులోకి పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చిన ఏడాది కనిపించిన యాప్ అల్లా ఫోన్‌లో వేసుకున్నా. ఒకరోజు నెట్ అందక వీడియో తిరుగుతూనే ఉంది. పిల్లలంతా ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్నారు, పావుగంట పోయింది. ఆ పావుగంట గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ రాత్రి యాప్‌లు పక్కనపెట్టి, పిల్లలు ఏటా ఎక్కడ తడబడుతున్నారో ఆలోచించాను. పదో తరగతి విద్యుత్ పాఠం. ఒకేలాంటి రెండు బల్బుల్ని శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే, "మొదటి బల్బే ఎక్కువ వెలుగుతుంది సార్, అది ముందే కరెంటు తినేస్తుంది" అంటారు. బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా ఆ నమ్మకం పోదు. దీనికోసమే వెతికితే ఫెట్ (PhET) సిమ్యులేషన్లు దొరికాయి, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే ప్రయోగాలు. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో 2002లో మొదలైన పని ఇది, ఉచితం. ఫైలు ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది.

ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో ముందే నోట్‌బుక్‌లో రాయించాను. తర్వాత ఒక అమ్మాయిని పిలిచి స్క్రీన్ మీద సర్క్యూట్ కలపమన్నా. రెండు బల్బులూ ఒకేలా వెలిగాయి. తీగల్లో ఎలక్ట్రాన్లను చూపించే నీలి చుక్కలు అంతటా ఒకే వేగంతో కదులుతున్నాయి. ఆ పిల్ల ఒక చుక్క వెంట వేలు పోనిచ్చి, "ఏదీ తినేయట్లేదు సార్, అన్నీ తిరిగొస్తున్నాయి" అంది. మర్నాడు టార్చి బల్బులతో నిజంగా కూడా చేయించాను. స్క్రీన్ మీద చూసింది చేతిలోనూ కనబడాలి కదా.

ఆ ఏడాదంతా ఇంకే కొత్త యాప్ జోలికీ పోలేదు. ఇప్పుడు ఏదైనా ఎంచుకోవాలంటే, నెట్ లేకుండా నడుస్తుందా, పిల్లల చేత పని చేయిస్తుందా, ఒక్క సాయంత్రంలో నాకు పట్టుబడుతుందా అని చూసుకుంటాను. హాజరు, రిపోర్టుల యాప్‌లు ఎలాగూ తప్పవు. వాటిని పాఠం చెప్పే లెక్కలో కలపకండి, సగం భారం అక్కడే దిగుతుంది.

మీకైతే గీతలు, వృత్తాలు గీసి స్క్రీన్ మీదే కదిలించే జియోజెబ్రా ఒక్కటి చాలు మేడం. ఇదీ ఉచితమే, ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ అక్కర్లేదు. పదో తరగతి వృత్తాల పాఠంలో ఛేదనరేఖను, అంటే వృత్తాన్ని రెండు చోట్ల ఖండించే గీతను, మెల్లగా బయటికి జరపండి. రెండు ఖండన బిందువులూ దగ్గరై దగ్గరై ఒక్కటైపోతాయి, అదే స్పర్శరేఖ. ఆ జరపడం మాత్రం మీరు చేయకండి, వెనక బెంచీ పిల్లల్ని పిలవండి. పాఠానికి ముందు ఆదివారం ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, నేను చూస్తుంటాను.