క్లబ్ లెక్కలు చేతికి తీసుకునే ముందు

అమ్మలూ,

మీ పక్క ఫుట్‌బాల్ క్లబ్ వాళ్లు నిన్ను ట్రెజరర్‌గా రమ్మన్నారని తెలిసి చాలా సంతోషించాను. తప్పకుండా ఒప్పుకో. ఐర్లండ్‌లో చిన్న క్లబ్బులు బతికేది నీలాంటివాళ్లు ఆఫీసు అయ్యాక ఇచ్చే సాయంత్రాల మీదే. కాకపోతే పద్దుల పుస్తకం తెరిచే ముందు మా ఊరు డండాక్ ఫుట్‌బాల్ క్లబ్ కథ తెలుసుకో.

1903లో రైల్వే కార్మికుల జట్టుగా పుట్టిన క్లబ్ ఇది. 2012లో లీగ్ అడుగున పడింది. మొనాహన్ యునైటెడ్ డబ్బుల్లేక సీజన్ మధ్యలోనే తప్పుకోబట్టి మావాళ్లకు ప్లేఆఫ్, అంటే పై డివిజన్‌లో ఉంటారో కిందికి పోతారో తేల్చే మ్యాచ్‌లు, ఆడే అవకాశం దొరికింది, గట్టెక్కారు. ఊళ్లోని ఇద్దరు వ్యాపారులు క్లబ్‌ను తీసుకుని స్టీఫెన్ కెన్నీని మేనేజర్‌గా తెచ్చారు. 2013లో రెండో స్థానం. 2014లో టైటిల్, ఆపై వరసగా మరో రెండు.

2016లో బెలారస్ క్లబ్ బాటే బోరిసోవ్‌ను 3-0తో ఓడించి, యూరప్ దేశాల క్లబ్బులు ఆడే యూరోపా లీగ్‌లో గ్రూప్ దశకు చేరారు. అక్కడ కియరన్ కిల్డఫ్ గోల్‌తో ఇజ్రాయెల్ క్లబ్ మక్కాబి టెల్ అవీవ్‌పై 1-0తో గెలిచారు. ఆ దశలో ఒక ఐరిష్ క్లబ్ గెలవడం అదే మొదటిసారి. ఆ ఆనందం ఈ ఊళ్లో ఇంకా చల్లారలేదు. కానీ ఆ మ్యాచ్ జరిగింది మా ఓరియల్ పార్క్‌లో కాదమ్మా, డబ్లిన్‌లోని టాలా స్టేడియంలో. మన మైదానం ఆ స్థాయి మ్యాచ్‌లకు పనికిరాలేదు మరి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఇంత పేరొచ్చాక కూడా ఓరియల్ పార్క్‌కు ఆ స్థాయి రాలేదు.

2018 జనవరిలో అమెరికా పెట్టుబడిదారులు కొన్నారు. 2018, 2019 టైటిళ్లు వచ్చాయి. 2020లో మళ్లీ యూరప్ గ్రూప్ దశకు వెళ్లి, ఆర్సెనల్‌తో సహా ఆరు మ్యాచ్‌లూ ఓడారు. 2021 చివర్లో క్లబ్ మళ్లీ స్థానికుల చేతికొచ్చింది. 2024లో మూతపడే దాకా వెళ్లింది. సెప్టెంబరులో జాన్ టెంపుల్ అనే స్థానిక న్యాయవాది ముందుకొచ్చి నిలబెట్టారు గానీ, జట్టు మాత్రం కింది డివిజన్‌కు పడిపోయింది. అప్పుడు మేనేజర్‌గా వచ్చింది ఆ కిల్డఫే. 2025లో ఆ డివిజన్ గెలిచి పైకి తెచ్చాడు.

ఇక నీ పని. బడ్జెట్ వేసేటప్పుడు యూరప్ పోటీల్లో ఆడితే వచ్చే డబ్బు సున్నా అనుకునే వెయ్యి. టికెట్లు, సీజన్ పాసులు, క్లబ్ లాటరీ, ఊరి దుకాణాల స్పాన్సర్‌షిప్, వీటితో ఎంత జీతం ఇవ్వగలరో అంతే ఇవ్వాలి. యూరప్‌కు వెళ్లడం, వెళ్లకపోవడం ఒక్కోసారి ఒక్క పెనాల్టీ మీద తేలుతుంది. ఆటగాడితో రెండేళ్లకు రాసుకున్న జీతం మాత్రం రెండేళ్లూ ఇవ్వాల్సిందే. బాగా పండిన ఏడాదే గాదె నింపుకోవాలి, అంటే ఆ డబ్బు ఫ్లడ్‌లైట్లకు, స్టాండ్‌కు, పిల్లల జట్లకు పోవాలి. కమిటీలో దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉంటారు. గెలిచిన వారంలో ఇంకో స్ట్రైకర్‌ను కొందామని ఎవరో ఒకరు అంటారు. నువ్వు మెత్తబడకు.

డబ్బున్నవాళ్లు కొంటామని వస్తే గౌరవంగా కూర్చోబెట్టు. వాళ్లు వెళ్లిపోయిన రోజున మైదానం ఎవరిది, అప్పు ఎవరి పేరున ఉంటుంది, ఈ రెండూ రాతపూర్వకంగా తీసుకో.

పన్ను ఒక్క నెల కూడా ఆపనివ్వకు. పన్ను బాకీతోనే 2010లో కార్క్ సిటీ అనే ఐరిష్ క్లబ్‌ను నడిపే కంపెనీ మూతపడింది. అభిమానుల ట్రస్ట్ కింది డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టి 2017లో లీగూ కప్పూ రెండూ గెలిచింది. అందుకే లెక్కలు అభిమానులకు దాచకు. కష్టం ముందే తెలిస్తే చేయి వేసేవాళ్లు వాళ్లే.

సంతకం పెట్టే ముందు గడిచిన మూడేళ్ల ఖాతాలు, పన్ను కట్టిన రసీదులు, ఆటగాళ్ల కాంట్రాక్టులు అడుగు. అవి చూపించనంటే మాత్రం ఆ పదవి వద్దు. చూపిస్తే ఈ ఆదివారం ఇక్కడికి పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మావయ్య