తడబాటుకు మార్కులు తగ్గించే ముందు

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

అమెరికా పౌరసత్వం వచ్చింది, ఈసారి తొలి ఓటు వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సిద్ధం కాకుండా చర్చా వేదిక ఎక్కిన అభ్యర్థిని ఎలా అంచనా వేయాలని మొన్న ఫోనులో అడిగావు. పక్కన జనం ఉండటంతో సరిగా చెప్పలేకపోయాను.

చర్చ అయిన మర్నాడు అందరూ ‘ఎవరు గెలిచారు?’ అనే అడుగుతారు. అది క్రికెట్ మ్యాచ్‌కు అడగాల్సిన ప్రశ్న. నువ్వు చూడాల్సింది అభ్యర్థి దేనికి సిద్ధం కాలేదన్నది. వేదికకా, పదవికా?

1992 అక్టోబరు 13న అట్లాంటాలో జరిగిన ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చ వీడియో దొరుకుతుంది, చూడు. డెమోక్రాట్ల తరఫున అల్ గోర్, రిపబ్లికన్ల తరఫున డాన్ క్వేల్‌లతో పాటు, స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థి రాస్ పెరో తరఫున జేమ్స్ స్టాక్‌డేల్ వచ్చారు. ‘నేనెవరిని? ఇక్కడెందుకున్నాను?’ అంటూ మొదలుపెట్టారు. సభ నవ్వింది. ఒకచోట వినికిడి యంత్రం ఆన్ చేసుకోలేదు, ప్రశ్న మళ్లీ చెప్పమన్నారు. ఆరోగ్య బీమా సంగతి వచ్చేసరికి తన దగ్గర తూటాలు అయిపోయాయని చేతులెత్తేశారు. ఆ తర్వాత దేశమంతా ఆయన మీద జోకులే.

చర్చలో పాల్గొనాలని ఆయనకు తెలిసింది సుమారు వారం ముందు. పెరోతో రాజకీయాల గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదని తర్వాత ఆయనే చెప్పారు. ఆయన నౌకాదళంలో వైస్ అడ్మిరల్. వియత్నాంలో ఏడేళ్లకు పైగా యుద్ధ ఖైదీగా చిత్రహింసలు భరించారు. శత్రువు తనను ప్రచారానికి వాడుకోకుండా తన ముఖాన్ని తానే గాయపరచుకున్నారు. ‘నేనెవరిని?’ అన్నదానికి అసలు జవాబు అది. ఆ రాత్రి చెప్పుకోలేకపోయారు, అంతే.

మరి మార్కులు? వినికిడి యంత్రానికి ఒక్క మార్కు కూడా తగ్గించకు. ఆరోగ్య బీమాకు తప్పకుండా తగ్గించు. ఎంత వీరుడైనా ఉపాధ్యక్షుడికి ఆ విషయం తెలియాలి. ఇంకా ఎక్కువ తగ్గించాల్సింది పెరోకు. తన పక్కన నిలబెట్టుకున్న మనిషితో కూర్చుని మాట్లాడని వ్యక్తి మంత్రివర్గాన్ని ఎలా నడుపుతాడు? ఈ మాట అప్పట్లో ఎక్కువమంది అనలేదని నాకు ఇప్పటికీ కోపమే.

టెక్సాస్ గవర్నర్‌గా ఉండి అధ్యక్ష పదవికి పోటీపడిన రిక్ పెర్రీది వేరే కథ. 2011 నవంబరులో మిషిగన్‌లో రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ. తాను గెలిస్తే మూడు ప్రభుత్వ శాఖలు ఎత్తేస్తానన్నారు. వాణిజ్యం, విద్య అని చెప్పి, మూడోది గుర్తురాక నీళ్లు నమిలి, చివరికి ‘ఊప్స్’ అన్నారు. అందరికీ ఆ మతిమరుపే గుర్తుండిపోయింది. నా దృష్టిలో అది చిన్న విషయం, పేర్లు ఎవరైనా మరిచిపోతారు. ఆ మూడోది ఇంధన శాఖ. 2017లో ఆయన్నే ఆ శాఖకు మంత్రిగా ప్రతిపాదించారు. ఆ శాఖ చేసే పనులేమిటో తెలుసుకున్నాక దాన్ని రద్దు చేయమన్నందుకు విచారిస్తున్నానని సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నారు. అణ్వాయుధాల బాధ్యత చూసే శాఖ అది! 2011లో నువ్వు అడగాల్సిన ప్రశ్న ‘పేరేమిటి?’ కాదు, ‘అది ఏం పని చేస్తుంది?’ అన్నది.

ఇక ధారాళంగా మాట్లాడి దాటవేసేవాళ్లు. 2008లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్, మీరు కోరుకున్నట్టు జవాబులు చెప్పకపోవచ్చునని చర్చలోనే చెప్పేశారు. అయినా ‘అనుకున్నదానికన్నా బాగా చేసింది’ అన్నవాళ్లు చాలామంది. ముందే అంచనా తగ్గించుకుని చూస్తే ఎవరైనా పాసవుతారు. ఆ వలలో పడకు.

చూసేటప్పుడు పక్కన కాగితం పెట్టుకో. ప్రశ్నను ఒక ముక్కలో రాసి, చెప్పిన జవాబు దానికేనా అన్నది టిక్కు పెట్టు. సంధానకర్త అదే విషయం మీద రెండోసారి అడిగినప్పుడు చెవులు రిక్కించు. బట్టీ పట్టినవాళ్లు మొదటి ప్రశ్నకు నిలబడతారు, రెండోదానికి మొదటి జవాబే తిప్పి చెబుతారు. మర్నాడు విశ్లేషకుల మాటలు వినే ముందు చర్చ పూర్తి పాఠం చదువు. గొంతు, నవ్వు, సూటు లేకుండా ఎంత మిగిలిందో తెలుస్తుంది.

మీ ఊళ్లో బడుల వ్యవహారాలు చూసే స్కూలు బోర్డుకు పోటీ చేసే అభ్యర్థులతో సభ పెడితే దానికి కూడా వెళ్లు. సిద్ధం కాకుండా వచ్చేవాళ్లు అక్కడే ఎక్కువ కనిపిస్తారు. చాలాచోట్ల ప్రశ్నలు చీటీ మీద రాసి ఇమ్మంటారు. పొట్టిగా, ఒక్క విషయమే రాయి. పొడుగు చీటీలు పక్కన పెట్టేస్తారు.

మీ మామయ్య