బాబును వేరే బడికి తీసుకుపొమ్మంటున్నారు

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గరి పల్లె. తొమ్మిదేళ్ల మా బాబుకు వినికిడి తక్కువ, చెవి మిషను పెట్టుకుంటాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్రత్యేక పాఠశాలకు తీసుకుపొమ్మని హెడ్‌మాస్టరు గారు అంటున్నారు. కాదనే హక్కు మాకుందా? – ఒక తల్లి

జవాబు: ఉందమ్మా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకోవచ్చు. ఎంపిక మీది. ధ్రువపత్రం లేకుంటే ముందు ఆ పని చూడండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలతపెట్టింది భాష సంగతి. వినికిడి తక్కువైన బిడ్డ చాలా మాటలను పెదవుల కదలికను బట్టి పోల్చుకుంటాడు. తెలుగు పలుకుకు అలవాటుపడిన కళ్లకు ఒడియా కొత్త, పైగా మాస్టారు బోర్డువైపు తిరిగి రాస్తూ పాఠం చెబితే ఆ కాస్త ఆధారమూ పోతుంది. అందుకే ముందు వరుసలో, టీచరు ముఖం వెలుతురులో కనిపించేచోట కూర్చోబెట్టమని అడగండి. పరీక్షలో అదనపు సమయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సవరణలను 17వ సెక్షన్ పేర్కొంది. అయితే మినహాయింపు పేరుతో తెలుగును వదిలేయడానికి తొందరపడి ఒప్పుకోకండి. అది మీరూ వాడూ మాట్లాడుకునే భాష.

ఏది అడిగినా కాగితం మీద అడిగి, నకలుపై తేదీతో సంతకం తీసుకోండి. బడిలో కదలిక లేకపోతే బ్లాకు విద్యాధికారికి, అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఆ నకళ్లు జతచేసి ఫిర్యాదు పంపండి.