జింకల మేతకు అనప మడి వేసే ముందు: టెక్సస్‌లో భూమి కొన్న హెచ్-1బి పాఠకుడికి జవాబు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. నేను ఆస్టిన్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. పోయిన వేసవిలో ఇద్దరు స్నేహితులతో కలిసి కింబుల్ కౌంటీలో, జంక్షన్ ఊరికి దగ్గర్లో 60 ఎకరాలు కొన్నాం. ఒకరికి గ్రీన్ కార్డు ఉంది, ఇంకొకరు సిటిజన్. పాత యజమాని అక్కడ మేకలు మేపేవాడు. మేం ఒక నాలుగెకరాలు దున్ని జింకల కోసం ఓట్స్, అలసంద, అనప వేద్దామనుకుంటున్నాం. పక్కనే మొక్కజొన్న ఫీడర్ (జింకలకు గింజలు పోసే డబ్బా) కూడా పెడతాం. సీజన్‌లో మేం వేటాడి, మిగతా వారాంతాల్లో తెలిసినవాళ్ళ దగ్గర మనిషికి ఇంత అని తీసుకుని రానిద్దామని ఆలోచన. మన దగ్గర జింకను కొడితే జైలు కదా, ఇక్కడ ఫరవాలేదా? నా పేరు మీద రైఫిల్ కొనుక్కోవచ్చా? మేకలు తీసేస్తే పన్ను పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

సమాధానం: మీరు మడితో మొదలుపెట్టారు, నేను రైఫిల్‌తో మొదలుపెడతాను. మడి విషయంలో పొరపాటు జరిగితే జరిమానాతో పోతుంది. రైఫిల్ విషయంలో జరిగితే మీ ఉద్యోగం, వీసా, గ్రీన్ కార్డు ఆశ అన్నీ ఒకేసారి పోతాయి.

నాన్-ఇమిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండడానికి ఇచ్చేది) మీద ఈ దేశంలో ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం (18వ టైటిల్, 922 సెక్షన్) నిషేధించింది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. అదే సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. మీకు పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు తీరనిది, మీ దగ్గర ఉండాలి. అది ఉంటే రైఫిల్ కొనుక్కోవచ్చు. దుకాణంలో 4473 ఫారం నింపేటప్పుడు నాన్-ఇమిగ్రెంట్ అని నిజం రాసి, మినహాయింపు కిందికి వస్తానని చెప్పి, లైసెన్సు చూపించాలి. ఆ ఫారంలో అబద్ధం రాయడం వేరే నేరం.

అంటే మీ రైఫిల్ మొత్తం ఆ లైసెన్సు అనే ఒక్క దారానికి వేలాడుతోంది. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. మీరు రెన్యూ చేయడం మరిచిపోయారనుకోండి, సెప్టెంబరు 1 తెల్లవారేసరికి మీ ఇంటి సేఫ్‌లో తాళం వేసి ఉన్న రైఫిల్ ఫెడరల్ నేరం అయిపోతుంది. తుపాకీ చేతిలో ఉండక్కర్లేదు. కావాలంటే తీసుకోగల చోట, మీ అదుపులో ఉంటే చాలు, కోర్టు దాన్ని 'దగ్గర ఉన్నట్టు' కిందే లెక్కేస్తుంది. 2022లో చట్టం మార్చాక ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. పైగా తుపాకీ నేరంలో శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం కింద దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. కొత్త ఏడాది లైసెన్సుల అమ్మకం ఆగస్టు మధ్యలోనే మొదలవుతుంది. ఆ వారంలోనే తీసుకోండి. చేపల లైసెన్సు దీనికి పనికిరాదు, వేట లైసెన్సే కావాలి.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. టెక్సస్‌లో అడవి పందుల్ని కొట్టడానికి 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే చాలు. 'పందులే కదా, లైసెన్సు ఎందుకు' అని స్నేహితులు అంటారు. సిటిజన్‌కూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ ఆ మాట సరిపోతుంది, మీకు కాదు. పందిని కొట్టడానికి రాష్ట్రం లైసెన్సు అడగకపోయినా, తుపాకీ పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం మిమ్మల్ని అడుగుతుంది. మీరు నిషేధంలో ఉన్నారని తెలిసీ రైఫిల్ అందిస్తే మీ స్నేహితుడిదీ నేరమే.

ఇంకొకటి, ఇది చెప్పేటప్పుడు నాకు నిజంగా దిగులుగా ఉంటుంది. ఉద్యోగం పోయిందనుకోండి. ఆ తర్వాత ఇచ్చే 60 రోజుల గడువు దాటాక వేరే స్టేటస్ లేకుండా ఇక్కడే ఉండిపోతే, మీరు ఇక నాన్-ఇమిగ్రెంట్ నిబంధన కింద ఉండరు, చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్ళ నిబంధన కిందికి వెళ్తారు. దానికి వేట లైసెన్సు మినహాయింపు వర్తించదు. 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన రెహైఫ్ కేసు అలాంటిదే: యూనివర్సిటీ తీసేసిన ఒక విదేశీ విద్యార్థి ఫ్లోరిడాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి తుపాకీ పేల్చాడు. తన స్టేటస్ పోయిందన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అంది. అది నిందితుడికి అనుకూలమైన తీర్పే. కానీ లేఆఫ్ ఈమెయిలు, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 కాగితం పెట్టుకున్న మీరు 'నాకు తెలియదు' అని చెప్పడం కష్టం. లేఆఫ్ మాట వినబడిన రోజే రైఫిల్‌ను అమ్మేయండి, లేదా సిటిజన్ స్నేహితుడి ఇంటికి, మీకు తాళం అందని చోటికి చేర్చండి. మీ భార్య హెచ్-4 మీద ఉండి ఆమెకు లైసెన్సు లేకపోతే సేఫ్ నంబరు ఆమెకు చెప్పకండి. ఇంట్లో ఇలాంటి దాపరికం బాగోదని తెలుసు. ఆమె క్షేమం కోసమే చెబుతున్నాను.

ఇప్పుడు మడి దగ్గరికి వద్దాం. టెక్సస్‌లో భూమి మీదైనా దాని మీద తిరిగే జింక మీది కాదు, రాష్ట్ర ప్రజలది. అందుకే సొంత పొలంలో వేటాడినా లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. తెల్లతోక జింకలు ఏడాదికి మనిషికి అయిదుకు మించకూడదు, వాటిలో పోతులు మూడుకు మించకూడదు, కౌంటీ పరిమితి అంతకన్నా తక్కువ ఉండొచ్చు. పడిన వెంటనే ట్యాగ్ కట్టాలి. మాంసం వండుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్మకూడదు.

జింకల కోసం మేత వేసి, దాని మీదికి వచ్చినదాన్ని కొట్టడం టెక్సస్ ప్రైవేటు భూమిలో నేరం కాదు. ఫీడర్‌లో మొక్కజొన్న పోసి కొట్టడమూ కాదు. ఈ రెండో మాట మిగతా రాష్ట్రాలకు అన్వయించకండి. వర్జీనియాలో పండించిన మడి దగ్గర వేటాడవచ్చు గానీ ఎర పోసి వేటాడడం నేరం. అక్కడి స్నేహితుడి పొలానికి వెళ్ళినప్పుడు టెక్సస్ అలవాటు చూపించకండి.

టెక్సస్‌లో కూడా ఒక మెలిక ఉంది. సెప్టెంబరులో గువ్వల సీజన్ మొదలవుతుంది. గువ్వలు వలస పక్షులు కాబట్టి వాటికి ఫెడరల్ నిబంధనలు, వాటిలో ఎర పూర్తిగా నిషేధం. జింకల కోసం మీరు పోసిన మొక్కజొన్నే గువ్వలకు ఎర అవుతుంది. గింజలన్నీ తీసేశాక కూడా పది రోజులపాటు ఆ చోటును ఎర వేసిన చోటుగానే చూస్తారు. మడి కోసం పైపైన చల్లిన ఓట్స్ గింజలు మట్టి మీద తేలుతుంటే ఆ చోట తుపాకీ ఎత్తకండి. గింజల్ని మట్టిలోకి దింపి మొలకెత్తనివ్వండి. అనప అన్నారు కదా, మంచి ఎంపిక. మనం పప్పు వండుకునే ఆ అనపనే ఇక్కడ లాబ్‌లాబ్ పేరుతో జింకల వేసవి మేతగా వేస్తారు. కంచె లేకపోతే ఎదగనివ్వకుండానే తినేస్తాయి, అది మాత్రం చట్టం ఆపలేదు.

మన దగ్గర జింకను కొడితే జైలు అన్నారు, నిజమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అలాంటిది. అయితే మీ 60 ఎకరాల్లో మీకు చుక్కల దుప్పి కనిపించే అవకాశం బాగా ఉంది. 1930ల్లో టెక్సస్‌కు తెచ్చిన మన దుప్పులు హిల్ కంట్రీలో (మీ కౌంటీ ఉన్న కొండల ప్రాంతం) గుంపులుగా తిరుగుతున్నాయి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కూడా అక్కడి ర్యాంచుల్లో ఉంది. ఇక్కడి చట్టానికి అవి పరాయి జంతువులు. వాటికి సీజన్ లేదు, ఇన్నే అన్న లెక్క లేదు, లైసెన్సూ భూయజమాని అనుమతీ ఉంటే చాలు. ఇది తెలుసుకోవాల్సింది వేట కోసం కన్నా పన్ను కోసం.

మీరు కొన్న భూమికి పాత యజమాని మేకల వల్ల వ్యవసాయ వాల్యుయేషన్ ఉండి ఉంటుంది. అంటే మార్కెట్ ధర మీద కాకుండా పంట, మేత విలువ మీద పన్ను. యజమాని మారగానే ఆ వాల్యుయేషన్ దానంతటది మీకు రాదు, మీరు కొత్తగా దరఖాస్తు పెట్టాలి. మేకలు తీసేసి జింకల్నే పెంచుతామంటే దానికీ దారి ఉంది: 1995లో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణ చేసి, వన్యప్రాణుల నిర్వహణను కూడా వ్యవసాయ వినియోగంగా ఒప్పుకున్నారు. షరతు ఏమిటంటే, అంతకు ముందు ఏడాది భూమి వ్యవసాయ వాల్యుయేషన్‌లో ఉండి తీరాలి. ఈ ఏడాది మేకల్ని తోలేసి ఊరుకుని, వచ్చే ఏడాది తీరిగ్గా అడుగుదామంటే ఆ తలుపు మూసుకుపోతుంది. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

ఏప్రిల్ 30 లోపు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (పన్ను కోసం భూమి విలువ కట్టే ఆఫీసు) 50-129 ఫారం, దానితో వన్యప్రాణి నిర్వహణ ప్రణాళిక ఇవ్వాలి. గడువు దాటితే రికార్డులు ఖరారయ్యేలోపు ఆలస్యపు దరఖాస్తుకు వీలుంది గానీ, ఆదా అయిన పన్నులో పది శాతం జరిమానా పడుతుంది. మీ మడి ఒక్కటే సరిపోదు. ఆవాసాన్ని సరిచేయడం, మట్టి కోతను ఆపడం, క్రూరమృగాల అదుపు, అదనపు నీరు, అదనపు మేత, ఆశ్రయాలు, జంతువుల లెక్కింపు అని చట్టంలో ఏడు పనులున్నాయి. ఏటా కనీసం మూడు చేసి చూపాలి. అనప మడి అదనపు మేత కిందికి వస్తుంది. మీ నేలలో సీడర్ పొదలు నరకడం, ఒక నీటి తొట్టి, ఏటా ఒకసారి జింకల లెక్క అన్నవి తేలిక. రసీదులు, తేదీలతో ఫొటోలు దాచండి. ఫీడర్‌లో వేటకాలం వరకే పోసే మొక్కజొన్నను మేత కింద చూపబోకండి, అది ఎర అని అప్రైజర్‌కి తెలుసు. అంతకన్నా ముఖ్యం: ఈ పనులన్నీ స్థానిక జంతువుల కోసం అయి ఉండాలి. ప్రణాళికలో తెల్లతోక జింక అనో, పాటల పక్షులు అనో రాయండి. మన దుప్పుల కోసం అని రాస్తే దరఖాస్తు అక్కడే పోతుంది. మీ 60 ఎకరాలు ఈమధ్యే పెద్ద ర్యాంచు నుంచి విడగొట్టినవైతే కనీస విస్తీర్ణం నిబంధన కూడా చూసుకోవాలి. తర్వాతెప్పుడైనా అందులో కొంత భాగాన్ని ఇళ్ళ స్థలాలకో రిసార్టుకో మారిస్తే, ఆ భాగం మీద వెనకటి మూడేళ్ళ పన్ను తేడా కట్టాలి.

మనిషికి ఇంత అని తీసుకోవడం గురించి. డబ్బు తీసుకుని వేటకు రానిస్తే మీ భూమికి హంటింగ్ లీజు లైసెన్సు కావాలి. అది పెద్ద ఖర్చు కాదు. పెద్ద సంగతి బాధ్యత. టెక్సస్ చట్టం వినోదం కోసం వచ్చినవాళ్ళకు దెబ్బ తగిలితే భూయజమానిని చాలావరకు కాపాడుతుంది. డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం, వసూలైన మొత్తం అంతకు ముందు ఏడాది ఆస్తి పన్నుకు 20 రెట్లు మించకూడదు, లేదా చట్టం చెప్పిన మేరకు బీమా ఉండాలి. వ్యవసాయ వాల్యుయేషన్‌లో మీ పన్నే చాలా తక్కువ, కాబట్టి 20 రెట్లన్నా పెద్ద మొత్తం కాదు. బీమా తీసుకోండి. ఇక మీ వీసా సంగతి: భూమిని ఏడాదికి లీజుకిచ్చి అద్దె తీసుకోవడం పెట్టుబడి ఆదాయం. వారం వారం మనుషుల్ని తీసుకెళ్ళి, చూపించి, వండిపెట్టి డబ్బు తీసుకోవడం పని, మీ హెచ్-1బి దానికి ఒప్పుకోదు. ఆ భాగాన్ని మీ స్నేహితులిద్దరే చూసుకోవాలి, మీరు అందులో దిగొద్దు.

సరిహద్దు గురించి తక్కువలో చెబుతాను. మీ తూటా పక్కవాడి భూమిలోకి దాటితే, అతని రాతపూర్వక అనుమతి లేకపోతే నేరం. మీ జింక గాయపడి కంచె దూకినా, అతన్ని అడగకుండా వెంట వెళ్ళకండి. టెక్సస్‌లో చెట్ల మీద నిలువుగా ఊదారంగు గీతలు కనిపిస్తే 'లోపలికి రావద్దు' అని బోర్డు పెట్టినట్టే.

చివరగా, మీరు అడగనిది. గ్రీన్ కార్డు లేని విదేశీయుడు పదెకరాలకు మించిన వ్యవసాయ భూమిలో వాటా కొంటే, 1978 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం నింపి వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. మేకలు మేసిన భూమి వ్యవసాయ భూమే. 2025 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న టెక్సస్ భూకొనుగోలు నిషేధం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకు సంబంధించినది, భారతీయులకు కాదు. ఆ భయం వద్దు. కానీ ఈ ఫారం మీకు వర్తిస్తుంది, పోయిన వేసవి అంటే 90 రోజులు ఎప్పుడో దాటాయి. ఆలస్యానికి వారానికి భూమి విలువలో 0.1 శాతం చొప్పున, గరిష్ఠంగా 25 శాతం దాకా జరిమానా వేయవచ్చు. విత్తనాలు కొనడానికన్నా ముందు, ఈ వారంలోనే ఆ కౌంటీలో వ్యవసాయ శాఖ వాళ్ళ ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) ఆఫీసుకు ఫోన్ చేసి, ఆలస్యానికి కారణం ఉత్తరంగా రాసి జతచేసి ఆ ఫారం పంపండి. వాళ్ళు అడిగాక పంపిన కాగితం కన్నా మీ అంతట మీరు పంపిన కాగితానికి విలువ ఎక్కువ.